కుప్పకి జ్వరమొచ్చింది

పెద్దాసుపత్రి జనరల్ వార్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన నర్సు రిటైరై ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో తెలియాలంటే ఆమె భర్తని అడగాలి. ఆయన రేడియోలు బాగుచేసే మెకానిక్కు. మాట తక్కువ మనిషి. రిటైరైన మొదటి నెలంతా ఆమె ఆయనకి పూటపూటకీ బీపీ చూసింది. దుప్పటి అంచుల్ని పరుపు కిందికి ఎంత బిగించి దోపేదంటే, పొద్దున్నే ఆయన కవరులోంచి ఉత్తరం లాగినట్టు తనని తాను బయటికి లాక్కోవాల్సి వచ్చేది. ఓ రోజు గోళ్లు చూపించమంది. ఆయన చూపించాడు. మర్నాడు నాలుక చూపించమంది.

"ఏమోయ్, నాకేం జబ్బు లేదు. కావాలంటే షాపులో నాలుగు రేడియోలున్నాయి, వాటికి చూడు" అని సోల్డరింగు పని మీదికి తల వంచేశాడు.

వీధిలో అందరూ ఆమెని సిస్టరమ్మ అనే పిలిచేవారు. ఉన్నది పద్నాలుగు ఇళ్ల సందు. ఆ చివర ఎప్పుడో మూతపడ్డ పంపుహౌసు, దాని వెనక కాస్త ఖాళీ జాగా. ఇల్లు మేడ. పైన సిస్టరమ్మ దంపతులు, కింద ఆమె ఆడపడుచు. ఆడపడుచు పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తా. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ముక్కు గురించి చెప్పాలి. పక్క వీధిలో అగ్గిపుల్ల గీస్తే ఈ వీధిలో తుమ్మే ముక్కు అది. కౌంటరు మీద పార్సిలు పెట్టగానే, "లోపల సబ్బు పెట్టారు, డిక్లరేషనులో పుస్తకాలని రాశారు, మార్చండి" అనేది. ఆవిడ పడగ్గది కిటికీ సరిగ్గా పంపుహౌసు వైపుకే తెరుచుకుంటుంది.

అలాంటి రోజుల్లో పారిశుద్ధ్య ఆఫీసు వాళ్లు సందు మొగలో ఓ కాగితం అంటించి పోయారు. తడి చెత్త బండి ఇకనుంచి ఇరుకు సందుల్లోకి రాదు, ఎవరి బక్కెట్టు వాళ్లు మెయిన్ రోడ్డు దాకా మోసుకురావాలి. లేదా, వీధిలోనే ఎరువు చేసుకుంటామంటే ఇటుకలు ఆఫీసు ఇస్తుంది, సగం పూట శిక్షణ కూడా ఇస్తుంది. కాగితాన్ని అందరూ చదివారు. అందరూ తిట్టుకున్నారు. శిక్షణకి మాత్రం సిస్టరమ్మ ఒక్కతే వెళ్లింది, అదీ ఆ పూట చెయ్యడానికి వేరే పనేదీ లేక.

శిక్షణ ఇచ్చినావిడ సన్నగా, గోళ్లలో మట్టితో, గడగడా చెప్పుకుపోయింది. "వంటింటి చెత్త ఒక బక్కెట్టు వేస్తే ఎండుటాకులు రెండు బక్కెట్లు పడాలండీ. గుడ్డని గట్టిగా పిండితే ఎంత తడి మిగులుతుందో అంతే తడి ఉండాలి. గాలి ఆడాలి. ఇవన్నీ కుదిరితే రెండు మూడు రోజుల్లో కుప్ప లోపల వేడి పుడుతుంది. అరవై డిగ్రీల దాకా ఎక్కుతుంది."

సిస్టరమ్మ చెయ్యెత్తింది. "అంటే జ్వరమా?"

"అలాంటిదే అనుకోండి."

"ఎన్ని గంటలకోసారి చూడాలి?"

"రోజుకోసారి చూస్తే చాలండీ."

"నాలుగుసార్లు చూస్తా" అంది సిస్టరమ్మ. ఇంటికి నడిచొస్తుంటే ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

వారంలో పంపుహౌసు వెనక మూడు ఇటుక తొట్లు లేచాయి. గాలి ఆడటానికి ఇటుకకీ ఇటుకకీ మధ్య సందులు, పైన రేకు మూతలు. తొట్టికో నంబరు, నంబరుకో చార్టు. చార్టులు పంపుహౌసు గోడకి మేకులకి వేలాడాయి. భర్త తన వంతుగా పాత గొడుగు ఊచ చివర వేడిని కొలిచే ముక్క ఒకటి అతికించి, పిడి దగ్గర అంకెలు వెలిగే డబ్బా బిగించి ఇచ్చాడు. యాభై అయిదు దాటితే అది కుయ్యిమని అరుస్తుంది. ఎందుకలా అని అడిగితే, "ఊరికే. స్పీకరు మిగిలింది" అన్నాడు.

ఇక రోజూ ఏడింటికల్లా రౌండ్లు మొదలయ్యేవి. చక్రాల బండీ, గంటా, మోచేతుల దాకా గ్లౌజులూ, ఒక చేతిలో పొడుగాటి పట్టకారు. ఆసుపత్రిలో వార్డు బాయిల్నీ చిన్న డాక్టర్లనీ ఒకేలా వణికించిన గొంతు ఇప్పుడు పద్నాలుగు వంటిళ్లని వణికించింది.

"ఏమ్మా, ఉల్లిపొట్టులో షాంపూ ప్యాకెట్టు ఏం చేస్తోంది?"

"చూళ్లేదు సిస్టరమ్మా, పొరపాటున..."

"ఆపరేషను చేసి తీశాను. మళ్లీ కనిపిస్తే కుట్లు నీకే వేస్తా."

మూడో ఇంటి వాళ్ల బక్కెట్టులో గరిటె దొరికింది. తొమ్మిదో ఇంట్లో ముసలాయన కట్టుడుపళ్లు దొరికాయి. వాటికోసం ఆ ఇంట్లో అప్పటికి రెండ్రోజులుగా మంచాలు తిరగేస్తున్నారు. గుమ్మంలో నిలబడి పట్టకారుతో అందిస్తుంటే ఆ ముసలాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కృతజ్ఞత మాటల్లో చెప్పాలన్నా అప్పుడాయన వల్ల కాదు మరి.

మొదటి తొట్టి నాలుగో రోజుకి యాభై రెండు చూపించింది. అయిదో రోజు కుయ్యిమంది. సిస్టరమ్మ గొడుగు ఊచ పట్టుకుని సందంతా పరుగెత్తింది. "వచ్చింది! జ్వరమొచ్చింది!" ఎవరికో ఏదో అయిందని ఇద్దరు మాత్రల డబ్బాలు పట్టుకుని బయటికొచ్చారు.

ముప్పై నాలుగేళ్లు జ్వరాలు దించడానికి తడిగుడ్డలు వేసిన చేతులు, ఇప్పుడు జ్వరం దిగిపోతుందేమోనని కుప్ప మీద గోనెపట్టాలు కప్పేవి. అరటితొక్కలు, టీ పిప్పి, గుడ్డు పెంకులు, కోసేసిన గడ్డి, వాడిన పూలు లోపలికి పోయి నల్లటి ముద్దగా మారుతుంటే, కూరగాయలు తరిగే ఆడవాళ్లు కూడా ఆగి తొంగి చూసి, "మా ఇంటి పుచ్చకాయ తొక్క ఎంతవరకొచ్చింది సిస్టరమ్మా?" అని యోగక్షేమాలు అడిగేవాళ్లు.

ఒక్క ఆడపడుచే ముక్కుకి కొంగు అడ్డం తియ్యలేదు.

"వదినా, నా కిటికీ కింద నువ్వు వండుతున్నది ఏమిటో నాకు తెలుసు."

"వాసనేం రావట్లేదు కదమ్మా."

"నీకు రావట్లేదు. నాకు ముల్లంగి వస్తోంది. పైగా అది మంగళవారం నాటి ముల్లంగి."

సిస్టరమ్మ చార్టు చూసింది. ముల్లంగి ఆకులు పడింది మంగళవారమే. గబగబా మేడెక్కేసింది.

చలి బాగా ముదిరాక ఓ తెల్లవారుజామున రెండో తొట్టి అరవై ఆరు కొట్టింది. అంత వేడి మంచిది కాదు, కాస్త గాలి తగలాలి. సిస్టరమ్మ రేకు మూత పక్కకి తీసి, కుప్పని గడ్డపారతో నాలుగు చోట్ల కుళ్లగించి, టీ తాగొద్దామని ఇంటికెళ్లింది. బయట మంచు, లోపల మంట లాంటి వేడి. తొట్టిలోంచి తెల్లటి ఆవిరి లేచింది. లేచి, పంపుహౌసు కప్పు దాటి, కరెంటు తీగలు దాటి, రైలింజను పొగలా నిటారుగా నిలబడింది.

అప్పుడే ఆడపడుచు కిటికీ తెరిచింది.

ఫైరింజను సందులోకి పట్టలేదు. సందు మొగలో ఆగి, గొట్టాలు విప్పుకుని, ఆరుగురు మనుషులు పరుగెత్తుకొచ్చారు. సిస్టరమ్మ టీ గ్లాసుతో మెట్లు దిగేసరికే నీళ్లు వదిలేశారు.

"ఆపండి! ఆపండయ్యా! అది మంట కాదు, జ్వరం!"

ఫైరాఫీసరు టోపీ సర్దుకుని వెనక్కి తిరిగాడు. "జ్వరమా? ఎవరికమ్మా?"

"కుప్పకి!"

ఆయన ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ తర్వాత, ఇలాంటప్పుడు మనిషిని కంగారు పెట్టకూడదని ఎక్కడో నేర్చుకున్నాడేమో, చాలా మెత్తగా అన్నాడు. "మీరు అలా కూర్చోండమ్మా. మేం చూసుకుంటాం." చూసుకున్నారు కూడా. నాలుగు నిమిషాల్లో మూడు తొట్లూ నిండి పొర్లాయి. ఇటుకల సందుల్లోంచి గోధుమరంగు వరద సందులోకి దూకింది. నారింజ తొక్కలు పడవల్లా ఒకదాని వెనక ఒకటి సాగిపోయాయి. ఎవరిదో ఎడమకాలి చెప్పు వాటికి ముందు దారి చూపిస్తూ పోయింది. జనం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొడదామా, తిడదామా అని తేల్చుకోలేకపోయారు.

ఆఫీసరుకి సంగతి అర్థమయ్యేసరికి ముఖం కందగడ్డయింది. "ఫోనులో ఎవరో ఆవిడ, వీధి తగలబడిపోతోందని కేకలు పెట్టారమ్మా. మంటల వాసన కూడా వస్తోందన్నారు." ఆడపడుచు కిటికీ రెక్కలు మెల్లగా మూసుకున్నాయి.

నవ్వినవాళ్లంతా మూడోరోజుకి నవ్వడం మానేశారు. నీళ్లు నిలిచిన కుప్పకి గాలాడక కుళ్లు పట్టింది. వెయ్యి గుడ్లు ఒకేసారి పగలగొట్టి మర్చిపోయినట్టు ఉంది ఆ కంపు. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేశారు. ముసలాయన తన పళ్లు తనే తీసి పక్కన పెట్టి, అన్నం వద్దన్నాడు. పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టరు వచ్చి, ముక్కుకి జేబురుమాలు నొక్కుకుని, రుమాల్లోంచే మాట్లాడాడు.

"అప్ అప్ అప్" అన్నాడు.

"ఏంటండీ?"

రుమాలు తీశాడు. "అంతా ఎత్తించేస్తానమ్మా. వచ్చే సోమవారం లారీ పంపుతా." గబుక్కున మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం సిస్టరమ్మ గొడుగు ఊచ మూడు తొట్లలోనూ గుచ్చి చూసింది. ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై రెండు. బయట గాలికెంత వేడి ఉందో లోపలా అంతే. వార్డులో ఆ చల్లదనాన్ని ఆమె అరచేత్తో ఎన్నోసార్లు తాకి చూసింది, అలవాటు పడలేదు. చార్టులో మూడు అంకెలూ రాసి, గడ్డపార మీద గడ్డం ఆనించి అలాగే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొన్ని ఆ కంపుకే తిరిగాయనుకోండి.

వెనక నుంచి దగ్గు వినిపించింది. ఆడపడుచు. ముక్కుకి కొంగు లేదు.

"వదినా, ఫోను చేసింది నేనే."

"తెలుసమ్మా. ఆఫీసరు గారు నీ కేక అచ్చుగుద్దినట్టు చేసి చూపించారు."

"నిజంగా మంటే అనుకున్నా. ఒట్టు. కోపముంది, కాదనను. కానీ మంటే అనుకున్నా."

"పోనీలే. సోమవారం లారీ వస్తుంది, నీ కిటికీ నీకు దక్కుతుంది."

ఆడపడుచు మొదటి తొట్టి దగ్గరికి నడిచి, కళ్లు మూసుకుని, గాలి ఒక్కసారి గట్టిగా పీల్చింది. ఆ పీల్చడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆ వీధిలో ఉన్నవాళ్లకే తెలుసు. ముఖం నిమ్మకాయ కొరికినట్టయింది.

"ఇది మొత్తం పోలేదు వదినా. కుళ్లింది ఈ మూల, అడుగున. పైభాగం ఊరికే తడిసింది, అంతే." రెండో తొట్టి దగ్గరికి జరిగింది. "ఇందులో మధ్యలో ముద్దలు కట్టింది. గడ్డి ముద్దలు." మూడో దాని దగ్గర ఆగింది. "ఇది... ఇది అడుగు నుంచి పై దాకా పోయింది. క్షమించు."

సిస్టరమ్మ ఆ మూల గడ్డపార దింపింది. అడుగున నల్లటి జిగురు. పైన తడి ఆకులు, అంతే. ఎంతమంది స్పెషలిస్టుల్ని చూసిందో, ఇంత ఠకీమని జబ్బు పట్టేసిన మనిషిని చూడలేదు.

"నువ్వు ఇన్నాళ్లూ పోస్టాఫీసులో ఏం చేస్తున్నావే!" అని వాటేసుకుంది. గ్లౌజులతోనే. ఆడపడుచు కెవ్వుమంది. ఆ కేకే ఫైరాఫీసరు చేసి చూపించిన కేక. ఇద్దరికీ నవ్వు వచ్చింది. మొదట ముక్కుల్లోంచి వచ్చింది, తర్వాత నడుములు పట్టుకునేదాకా వచ్చింది. మేడ మీంచి భర్త తొంగి చూసి, "ఇద్దరికీ ఒకేసారా జ్వరం?" అని లోపలికెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. కావలసింది పొడి సరుకు, బోలెడంత. ఆడపడుచు పోస్టాఫీసు నుంచి చిరిగిన అట్టపెట్టెలు రెండు రిక్షాల్లో తెచ్చింది. వడ్రంగి మేస్త్రి రంపపు పొట్టు ఆరు బస్తాలు వేయించాడు. వేయించి, "మా ఇంట్లో నాలుగురోజులుగా కిటికీ తియ్యలేదు సిస్టరమ్మా, ఇంకో ఆరు కావాలన్నా పంపిస్తా" అన్నాడు. వీధిలో వాళ్లు స్కూలు మైదానంలో ఎండుటాకులు దిండు గలీబుల్లో కుక్కుకుని వచ్చారు. పది గంటలకి సందు మొగలో మళ్లీ ఫైరింజను ఆగింది. జనం గబగబా గుమ్మాల్లోకి తప్పుకున్నారు. ముగ్గురు సిబ్బందితో ఆఫీసరు దిగాడు. ఈసారి గొట్టాలు లేవు. భుజాల మీద గోనెసంచులు.

"స్టేషను ఆవరణలో చెట్లు ఎక్కువమ్మా. ఆకులన్నీ ఊడ్చుకొచ్చాం" అన్నాడు నేల చూపులు చూస్తూ. "పారలు కూడా తెచ్చాం."

కుప్పలన్నీ బయటికి లాగి, పరిచి, తిరగేశారు. ఆడపడుచు స్టూలు మీద నిలబడి గాలి పీలుస్తూ ఆజ్ఞలు ఇచ్చింది. "అక్కడ, ఎడం పక్క! ఇంకా కింద! గుడ్లు అక్కడే ఉన్నాయి! మీరు కాదు ఆఫీసరు గారూ, మీ పక్కాయన!" అట్టముక్కలు, పొట్టు, ఆకులు పొరపొరగా కలిపారు. మధ్యాహ్నానికి అందరూ ఒకే రంగులో ఉన్నారు. ఎవరు ఫైరు మనిషో ఎవరు వడ్రంగో తేల్చాలంటే బూట్లు చూడాల్సి వచ్చింది. ఒకాయన ఇంటికెళ్తే పెళ్లాం తలుపు తియ్యలేదు.

ఆదివారం ఇరవై నాలుగు. పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే. సిస్టరమ్మ నాలుగుసార్లు కాదు, పద్నాలుగుసార్లు చూసింది. సోమవారం తెల్లారగట్ల ముప్పై ఒకటి. తొమ్మిదింటికి ముప్పై తొమ్మిది. పన్నెండిళ్ల వాళ్లు ఆఫీసులకి ఆలస్యమైనా ఫరవాలేదని తొట్ల చుట్టూ చేరారు. "ఎంత? ఎంత?" అని వెనకవాళ్లు, "నలభై నాలుగు!" అని ముందువాళ్లు. ముసలాయనని కుర్చీతో సహా మోసుకొచ్చారు.

ఆ రోజు ఎవరింటికో కొత్తగా వచ్చిన వియ్యపురాలు సందు మొగలో ఆటో ఆపించి, "జ్వరం పెరుగుతోందోచ్!" అని గంతులేస్తున్న మనుషుల్ని చూసి, ఆటో దిగకుండానే వెనక్కి తిప్పించబోయింది. ఆమెకి నచ్చజెప్పి దింపడానికి పావుగంట పట్టింది.

లారీ రెండున్నరకి వచ్చి సందు మొగలో ఆగింది. ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టరు ముక్కుకి రుమాలు పెట్టుకునే దిగాడు. తొట్ల దాకా నడిచొచ్చాడు. ఆగాడు. రుమాలు కాస్త తప్పించి చూశాడు. పూర్తిగా తీసేశాడు. సరిగ్గా అప్పుడే గొడుగు ఊచ కుయ్యిమంది, సందంతా ఈలలతో హోరెత్తిపోయింది. సిస్టరమ్మ ఆడపడుచు చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆడపడుచు ఇన్‌స్పెక్టరుని గుద్దుకుంది. ఇన్‌స్పెక్టరు రంపపు పొట్టులో కూలబడ్డాడు.

"యాభై ఆరండీ!" అంది సిస్టరమ్మ ఆయన్ని లేవదీస్తూ. "ఇక భయం లేదు."

"ఎవరికమ్మా?" అన్నాడాయన అయోమయంగా.

లారీ ఖాళీగా పోలేదు. మూడో తొట్టిలోంచి శనివారం విడిగా తీసి, పొట్టు కప్పి ఉంచిన పనికిరాని జిగురంతా దాంట్లోకి ఎత్తారు. ఇన్‌స్పెక్టరు ఆ వారమే మూడు సందుల వాళ్లని వెంటబెట్టుకుని వచ్చి, తొట్లు చూపించి, ఇక్కడ పని ఎలా జరుగుతోందో తనే దగ్గరుండి చేయించినంత ధీమాగా వివరించాడు. సిస్టరమ్మ అడ్డు చెప్పలేదు. ఆడపడుచు మాత్రం ఆయన వెనక నిలబడి, "బాబూ, మీ బూటు కింద శుక్రవారం నాటి బొప్పాయి ఉంది" అంది.

మూడు నెలలకి ఎరువు తయారైంది. పాత నులకమంచానికి వైరు జాలీ బిగించి జల్లెడ పట్టారు. నల్లగా, పొడిపొడిగా, వేళ్ల మధ్య నుంచి జారిపోయేలా. ఇంటికో రెండు తట్టలు, ఫైరు స్టేషను చెట్లకి నాలుగు. ఆడపడుచు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. సందంతా ఊపిరి బిగబట్టింది. "ఇందులో ఏ ఇంటి వాసనా లేదు" అంది ఆశ్చర్యంగా. "ఉత్త మట్టి." ఆ తర్వాత పోస్టాఫీసు నుంచి వస్తూ రోజూ ముందు తొట్ల దగ్గరికెళ్లి ఓ పీల్పు పీల్చి, చార్టులో తన గడిలో సంతకం చేశాకే ఇంట్లోకి అడుగుపెట్టేది. ఆ గడి ఆవిడకోసమే గీశారు.

కుప్ప అంచుల్లో వేడి అంతగా తగలదు. అక్కడ ఏదో గింజ ఒకటి బతికి, మొలిచి, ఎవరూ గమనించేలోపే పంపుహౌసు గోడెక్కి, కప్పు మీద పడుకుని, అయిదు గుమ్మడికాయలు కాసింది. ఒక్కోటి మనిషి ఒళ్లో పట్టనంత. అది మా ఇంటి గింజేనని మూడో ఇంటివాళ్లు. కాదు, మేం గుమ్మడికాయ తిన్నది ఫలానా రోజని పదకొండో ఇంటివాళ్లు. ముసలాయన అసలు తను గుమ్మడికాయే తినకపోయినా, పళ్లు గట్టిగా పెట్టుకుని మరీ వచ్చి వాదనలో దిగాడు. చివరికి అందరూ చార్టులు దింపించారు. చార్టుల్లో గుమ్మడి తొక్కలు ఏడిళ్ల నుంచి వచ్చినట్టు తేలింది. ఏడిళ్లవాళ్లూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పంపుహౌసు కప్పు మీద కాయ కోయడానికి ఎక్కిన భర్త, కాయ కోయకుండా అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుని కింద గొడవ వింటున్నాడు. సిస్టరమ్మ ఏదో తీర్పు చెబుదామని నోరు తెరిచింది. నవ్వాగలేదు. గ్లౌజులతోనే ముఖం కప్పుకుని, ఆడపడుచు భుజం మీదికి ఒరిగిపోయింది. ఆవిడ ఈసారి కెవ్వుమనలేదు.